కవలలైతే మాయ ఒకటా, రెండా?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిపంతులుకు ఈ విషయంతో ఏం పని అనుకోవచ్చు. మేము చదువు చెప్పిన ఆడపిల్లలే రేపు తల్లులవుతారు. "కవలలు కదా, పొట్ట పెద్దగానే ఉంటుందిలే" అనే మాట వాళ్లు వినేది మన ఇళ్లలోనే. ఆ మాట ప్రాణం మీదికి తెస్తుంది.

కొందరు కవలలకు చెరొక మాయ ఉంటుంది. ఉర్దూలో ఆన్వల్ అంటామే, అది. కొందరు ఒకే మాయను పంచుకుంటారు. అందులో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఇటువంటి కాన్పుల్లో నూటికి 10, 15 చోట్ల ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా పోతుంది. ఇచ్చే బిడ్డ చుట్టూ ఉమ్మనీరు ఎండుతుంది. పుచ్చుకునే బిడ్డ సుఖపడుతుందా అంటే, అదీ లేదు! మోయలేని రక్తంతో గుండె అలసిపోతుంది, ఉమ్మనీరు విపరీతంగా పెరుగుతుంది. ముదిరాక వైద్యం అందకపోతే చాలాసార్లు ఇద్దరూ దక్కరు.

మాయ ఒకటా రెండా అనేది 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగులో బాగా తెలుస్తుంది. తర్వాత తేల్చడం కష్టం. ఆ రోజే డాక్టరమ్మను అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆడా మగా అని అడగకండి, 1994 చట్టం ప్రకారం అది నేరం. ఒకే మాయ అయితే 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కానింగు తప్పదు.

ఇదివరకు సూదితో నీరు తీసేవారు. గర్భసంచిలోకి సన్నని గొట్టం పంపి, లేజరుతో ఆ నాళాలను మూసేయడమే మేలని 2004లో వెలువడిన ఐరోపా పరిశోధన తేల్చింది. కనీసం ఒక బిడ్డయినా 28 రోజులు బతికినది లేజరుతో నూటికి 76 మందికి, నీరు తీస్తే 56 మందికి. హైదరాబాదు వంటి పెద్ద నగరాల్లోనే ఇది దొరుకుతుంది. చేసేది మగ డాక్టరని వెనక్కి రాకండి. లేడీ డాక్టరు దొరకనప్పుడు ప్రాణావసరానికి అనుమతి ఉందనే ఉలమాలు చెబుతారు.

పొట్ట ఉన్నట్టుండి ఉబ్బి బిగిసినా, ఊపిరాడకపోయినా, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకబారినా, కదలిక తగ్గినా, రక్తం కనబడినా అత్తగారి అనుమతి కోసం, జుమా అయ్యేదాకా అని ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. నెలలు నిండకుండా నొప్పులొస్తే బిడ్డల ఊపిరితిత్తులు బలపడేందుకు తల్లికి ఇంజెక్షన్లు ఇస్తారు. అవి కాన్పుకు ముందే పడాలి మరి.

కవలల కాన్పు తర్వాత రక్తస్రావం ఎక్కువగా అయ్యే భయం ఉంది. యువకులు తమ రక్తం గ్రూపు, ఫోన్ నంబరు కార్యదర్శిగారి పుస్తకంలో రాసి వెళ్లండి. పుస్తకం గుమ్మం దగ్గర బల్ల మీదే ఉంది.