చూసి సంతకం పెట్టండి
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మా మనవరాలు యూనివర్సిటీ లాబ్‌లో పరిశోధనకు చేరింది. కోటుకు ఏదో బ్యాడ్జి పెట్టుకుంటోంది. ఏమిటమ్మా అంటే, "ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తేల్చేది తాతయ్యా" అంది. వెంటనే నాకు ఢిల్లీ సంగతి గుర్తొచ్చింది.

ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో, కెనడా నుంచి తెచ్చిన గామా సెల్ ఒకటి 1985 నుంచి వాడకుండా పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో దాన్ని పాత సామాను కింద వేలం వేశారు. మాయాపురి పాత ఇనుము బజారులో దాన్ని విప్పితే కోబాల్ట్-60 బయటపడింది. ఒక కార్మికుడు చనిపోయాడు. మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు.

కోబాల్ట్-60 బలం సగం కావడానికే అయిదేళ్లు దాటుతుంది. పాతికేళ్ల తరువాత కూడా నూటికి మూడు, నాలుగు వంతులు మిగిలే ఉంటుంది. అందుకే ఇలాంటి వాటికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు, రేడియేషన్ భద్రతాధికారి ఉండాలన్నారు. పని తీరాక మండలి అనుమతితోనే పంపించాలన్నారు. రూల్సు అప్పుడూ ఉన్నాయి. చూసినవారే లేరు.

ఒక మాట ఒప్పుకోవాలి. గుమాస్తాగా నేను "పనికిరాదు" అని రాసి సంతకం చేసిన సామాన్లలో కంటితో చూడనివి ఎన్నో. నా అదృష్టం, అవి కుర్చీలూ ఫ్యాన్లూ.

మన పిల్లలు లాబుల్లో, ఆస్పత్రుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఛార్జి తీసుకునేటప్పుడు కాగితం చూసి కాదు, వస్తువును చూసి సంతకం పెట్టమని చెప్పండి.