జాబితా గోడకు అతికిస్తే సరిపోదు

(మార్కాపురంలో రైతు సంఘం గ్రామ కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో రైతు సంఘం అనగానే వెలిగొండ నీళ్లు, కంది ధర, మిర్చి ధర, కరువు మండలాలు గుర్తొస్తాయి. వీటికోసం మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం అన్నీ తిరిగాం, ధర్నాలు చేశాం. ఈరోజు మాత్రం కంప్యూటర్ సంగతి మాట్లాడుకుందాం. నవ్వకండి. నష్టపరిహారమైనా, బీమా అయినా, సబ్సిడీ అయినా చివరికి వచ్చి ఆగేది ఒక జాబితా దగ్గర. ఆ జాబితా ఇప్పుడు పీడీఎఫ్‌గా వస్తోంది.

మాకు జరిగిందే చెబుతాం. ఒక ఖరీఫ్‌లో వాన మొహం చాటేసింది. ఈ-క్రాప్ జాబితా వాట్సాప్‌లో వచ్చింది. పేజీలు చాలా, అభ్యంతరాలకు గడువు తక్కువ. నలుగురం ఫోన్లు పట్టుకుని రాత్రంతా పేజీలు జరుపుతూ కూర్చున్నాం. ఒంటిచేత్తో సేద్యం చేసుకునే ఒక అక్క వచ్చి, "నా పేరుందా అన్నా?" అని అడిగింది. "ఉందమ్మా" అన్నాం. పేరు ఉన్నమాట నిజమే. పక్కన పంట గడి మాత్రం ఖాళీగా ఉంది. అది మేం చూడలేదు. గడువు దాటాక తెలిసింది. ఆ ఏడు ఆమెకు పైసా రాలేదు. గడి ఖాళీగా వదిలిన తప్పు ఎవరిదైనా కావచ్చు, సరిగా చూడకుండా "ఉంది" అన్న తప్పు మాత్రం మాది.

తర్వాత డిగ్రీ చదివే మా ఊరి పిల్లవాడు అదే జాబితాను ఎక్సెల్ పట్టికలోకి దించాడు. పంట గడి ఖాళీగా ఉన్నవాళ్లంతా ఒకచోటికి వచ్చారు. ఒకే సర్వే నంబరు రెండు పేర్ల కింద ఉన్నవి బయటపడ్డాయి. రాత్రంతా కళ్లకు కనపడనివి గంటలో కనపడ్డాయి. ఆ పని ఎట్లా చేయాలో ప్రతి ఊళ్లో ఇద్దరికైనా తెలియాలి.

మొదట చూడాల్సింది, ఆ పీడీఎఫ్ ఏ రకమో. పేరు మీద వేలు నొక్కి పట్టుకోండి. అక్షరాలు ఎంపికైతే అది కంప్యూటర్ నుంచి నేరుగా వచ్చింది. ఏమీ కదలకపోతే అది కాగితానికి తీసిన ఫోటో.

నేరుగా వచ్చిందైతే పని తేలిక. కొత్త ఎక్సెల్‌లో 'డేటా' కింద పీడీఎఫ్ నుంచి తెచ్చుకునే సౌకర్యం ఉంది. ట్యాబులా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అది నెట్ లేకపోయినా మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఫోటో అయితే అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరవొచ్చు. ఉచితంగా దొరికే టెసరాక్ట్‌కు తెలుగు కూడా వచ్చు. అయితే మసక కాగితంలో 3ను 8గా చదవొచ్చు, గడులు కలిసిపోవచ్చు.

తెలుగుతో ఇంకో తిప్పలుంది. అను ఫాంట్లతో కొట్టిన కాగితం తెరమీద చక్కటి తెలుగులా కనపడుతుంది. కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. యూనికోడ్ తెలుగులో కూడా ఒత్తులు, గుణింతాలు చెదురుతాయి. అందుకే పేరు పట్టుకుని వెతకొద్దు. ఖాతా నంబరు, సర్వే నంబరు పట్టుకుని వెతకండి.

ఆ నంబర్ల దగ్గరా జాగ్రత్త అవసరం. సర్వే నంబరు 5-2 అని అతికిస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. కాబట్టి అతికించక ముందే ఆ కాలమ్‌ను 'టెక్స్ట్'గా మార్చండి. విస్తీర్ణంలో 2.05 అంటే రెండెకరాల ఐదు సెంట్లు. మధ్యలో సున్నా పోయి 2.5 అయితే రెండెకరాల యాభై సెంట్లు. ఒక్క సున్నాతో నలభై ఐదు సెంట్ల తేడా!

పట్టిక తయారవగానే నమ్మేయకండి. పీడీఎఫ్‌లో ఎన్ని లైన్లున్నాయో పట్టికలోనూ అన్నే ఉండాలి. అడుగున మొత్తం వేసి ఉంటే మన మొత్తంతో కలవాలి. అక్కడక్కడ ఇరవై లైన్లు అసలుతో సరిచూడండి. మన తప్పును ఆఫీసు తప్పని అర్జీలో రాస్తే, రేపు మన నిజాన్నీ ఎవరూ నమ్మరు.

అసలు ఈ తిప్పలు మనమెందుకు పడాలి? జాబితా పుట్టిందే కంప్యూటర్‌లో. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు మనకుంది. సెక్షన్ 7(9) ప్రకారం మామూలుగా అడిగిన రూపంలోనే ఇవ్వాలి. కార్యాలయం పనికి మితిమీరిన భారమైతేనో, ఆ రికార్డుకే నష్టమైతేనో తప్ప కాదనకూడదు. కాబట్టి అర్జీలో "ఎక్సెల్ రూపంలో ఇవ్వగలరు" అని స్పష్టంగా రాయండి. జవాబుకు 30 రోజుల గడువుంటుంది. అభ్యంతరాల గడువు అంతకంటే ముందే అయిపోవచ్చు. అందుకే అర్జీ ఒకవైపు, మన పట్టిక ఒకవైపు, రెండూ నడవాలి.

చివరి మాట. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పనుల లెక్కలను ఊరి మధ్య పైకి చదివారు. తప్పుడు లెక్కలను పట్టుకున్నది అక్కడ కూర్చున్న జనమే. సమాచార హక్కు చట్టానికి దారి వేసిన సభల్లో అదొకటి. ఎక్సెల్ వరుస పెట్టగలదు, కూడగలదు. ఫలానా చేలో ఈ ఏడు కంది వేశారా, మిర్చి వేశారా, సేద్యం చేసింది యజమానా, కౌలు రైతా అన్నది దానికి తెలియదు. ఊరికి తెలుసు. అందుకే పట్టికను రచ్చబండ దగ్గర పైకి చదవండి. పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం చదివితే చాలు. ఆధార్, బ్యాంకు నంబర్ల కాలమ్‌లు ముందే తీసేయండి, వాట్సాప్‌లో తిప్పొద్దు.

ఈసారి ఏ అక్క అయినా వచ్చి "నా పేరుందా?" అని అడిగితే, "ఉంది" అని ఊరుకోవద్దు. ఏ సర్వే నంబరులో, ఏ పంటకు, ఎన్ని సెంట్లకు ఉందో చదివి వినిపిద్దాం. తేడా ఉంటే గడువు లోపే అర్జీ పెట్టిద్దాం.