గాలిబండికి తూకము

ధాన్యపు బస్తాలు బండి కెత్తించిన రైతు, ఎడ్లను పూన్చుటకు ముందు కాడిని చేతితో నొకమాఱు పైకెత్తి చూచుట మీలో పెక్కండ్రకు తెలిసినదే. ముందుబరువైనచో కాడి యెడ్ల మెడలను నొక్కును. వెనుకబరువైనచో పైకి లేచి మెడపలుపు గొంతును బిగించును. అప్పుడతడు ఒకటి రెండు బస్తాలను ఇరుసునకు ముందునకో వెనుకకో జరుపుకొనును. బరువెంత యనుటయే కాక, అది యెచ్చట నున్నదనుటయు ముఖ్యమే యను నీ వివేకమే, చిన్న విమానమును నడుపువాడు నేల విడుచుటకు ముందు కాగితముపై వేయు లెక్కకును మూలము.

క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలోనే ఆర్కిమిడీసు, బరువును దూరమును కలిసియే తూకమును తేల్చునను తులాదండ న్యాయమును గణితముచే నిరూపించెను. అయినను ఆకాశమున దాని నభ్యసించుటకు మానవుడు ప్రాణమూల్యము చెల్లింపవలసి వచ్చినది. జర్మను దేశీయుడగు ఆటో లిలియెంథాల్, 1891 మొదలు, తాను నిర్మించిన రెక్కలను చేతులతో పట్టి వ్రేలాడుచు, కొండవాలునుండి గాలిలోనికి దుమికి, కాళ్ళను ముందువెనుకల కూపుచు, తన దేహమునే త్రాసునందలి రాయిగా జేసికొని తేలియాడెడివాడు. 1896 ఆగస్టు 9న గాలితాకిడికి రెక్కల ముందుభాగము పైకి లేవగా, ఎంత ప్రయత్నించియు దానిని దింపజాలక, సుమారు 15 మీటర్ల యెత్తునుండి కూలి, వెన్నెముక విఱిగి, మఱునాడు బెర్లినులో మరణించెను.

అమెరికాలో రైట్ సోదరులు ఈ తూకమును దేహమునుండి యంత్రమునకు మార్చిరి. 1903 డిసెంబరు 17న ఎగిరిన వారి విమానమున, నడుపువాడు ఎడమవైపు బోరగిల పరుండగా, అతనికంటె బరువైన యింజను కుడివైపున నుండెను; ఆ యధికభారమునకై కుడిరెక్కను 4 అంగుళములు పొడిగించిరి. మఱుసటి యేటి విమానము పడవవలె ఊగిసలాడగా, దాని ముందుభాగమున 70 పౌన్ల యినుమును కట్టిరి.

నేడు ఆ యినుము చేసిన పనిని చాలవఱకు పెన్సిలు చేయుచున్నది. నలుగురు కూర్చుండు సెస్నా 172 విమానమున దూరములన్నియు ఇంజను వెనుకనున్న అడ్డుగోడనుండి కొలుతురు. ముందరి యాసనము సుమారు 37 అంగుళముల దూరముననుండగా, వెనుకది 73 అంగుళముల దూరమున నున్నది. కావున 170 పౌన్ల మనిషి ముందు కూర్చున్న 6,290గా నుండు భ్రామకము, అనగా బరువును దూరముచే గుణించిన ఫలము, అతడే వెనుకకు మారిన 12,410 యగును. ఇట్లు ప్రతి బరువును దూరముచే గుణించి, కూడి, మొత్తము బరువుచే భాగించిన గురుత్వకేంద్రము తేలును. 2,300 పౌన్ల నిండు బరువుగల రకములలో, ఆ నిండు బరువున నున్నప్పుడు, అది 38.5 అంగుళములకును 47.3 అంగుళములకును నడుమ నుండవలెను. జానెడైనను లేని యీ యెడమును ముందునకు దాటిన, దిగువేళ ముక్కు లేవదు. వెనుకకు దాటిన, వేగము చాలక లేచిన ముక్కును దించుట దుస్సాధ్యమగును. అది లిలియెంథాలు నాటి యాపదయే. గాలనుకు 6 పౌన్ల చొప్పున తూగు పెట్రోలు దారిపొడవున తఱిగిపోవును గనుక, దిగునప్పటి లెక్కయు ముందే వేయవలెను.

బండివానికి దారిలో ఎడ్లు ఆయాసపడినచో, చెట్టుక్రింద బండి నాపి బస్తాను జరుపుకొను వీలున్నది. వైమానికున కట్టి చెట్టు లేదు. కనుకనే యతడు చక్రములు నేలమీద నుండగనే కాడి నెత్తి చూచుకొనును.