గాబరాకు కారణమూ ఉన్నది, వైద్యమూ ఉన్నది

(ప్రసంగ పాఠం)



ఈ సభ సంగతి తెలిసి కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు: "వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు... ఇన్ని సమస్యలుండగా మనోవ్యాధుల మీద సభ ఎందుకు?" జవాబు చెప్పే ముందు ఒక ఇంటి సంగతి విన్నవిస్తాము.

మాకు తెలిసిన ఒక గృహిణికి ఒక రాత్రి ఉన్నట్టుండి గుండె దడ మొదలైంది. ఊపిరి అందలేదు, చేతులు తిమ్మిరెక్కాయి. ప్రాణం పోతున్నదనుకొని ఆమె కలిమా చదువుకున్నది. భర్త ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే ఈసీజీ బాగానే ఉన్నదన్నారు. ఆ నెలలోనే మరి మూడుసార్లు అలాగే అయింది. అత్తగారు నజర్ తగిలిందన్నారు. మరిది ఈమాన్ తక్కువైందన్నాడు. ఒక ఆమిల్ తావీజు కట్టాడు. చెవి కమ్మలు కుదువకు పోయాయి. ఏడాది గడిచాక ఒక మానసిక వైద్యురాలు ఆ వ్యాధికి పేరు చెప్పారు: పానిక్ డిజార్డర్. ఆ పేరు విని ఆమె ఏడ్చిందట, బాధతో కాదు, తాను అబద్ధమాడడం లేదని ఒకరైనా నమ్మినందుకు.

మన ఇళ్లలో దీనినే గాబరా అంటాము. ప్రమాదం ఎదురైనప్పుడు పారిపోవడానికో పోరాడడానికో శరీరాన్ని సిద్ధం చేసే ఏర్పాటు అల్లాహ్ మనిషిలో ఉంచాడు. గుండె వేగం, చెమట, ఊపిరి వేగం అన్నీ దానిలో భాగమే. ప్రమాదం లేనప్పుడు కూడా ఆ ఏర్పాటు పదే పదే మేల్కొంటే అది రుగ్మత. పానిక్ దాడి సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తీవ్రమై, ఆపైన తగ్గుతుంది. మరో రూపంలో దాడులుండవు. ఆరు నెలలకు పైగా ప్రతిదాని గురించీ ఆగని చింత, నిద్రలేమి, కండరాల బిగువు, చిరాకు ఉంటాయి. థైరాయిడ్, రక్తహీనత, గుండె జబ్బు కూడా ఇలాగే కనిపించగలవు కనుక మొదట వాటి పరీక్షలు చేయించాలి. మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే గాబరాయేనని ఇంట్లో కూర్చోరాదు.

ఇది ఈమాన్ లోపం కాదు. వెయ్యేళ్లకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరానికి, మనసుకు కలిపి ఒక ఆరోగ్య గ్రంథం రచించి, భయాన్నీ విచారాన్నీ వైద్యం చేయదగిన బాధలుగా వివరించాడు. దుఆ చేయవద్దని మేము చెప్పడం లేదు. జ్వరానికి దుఆతో పాటు మాత్ర వేసుకునేవారు దీనికి మాత్రం ఎందుకు వెనుకాడాలి?

ఇక పెద్దల ప్రశ్నకు వస్తాము. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో పేలుడు జరిగిన తరువాత హైదరాబాదులో అనేక మంది ముస్లిం యువకులను పోలీసులు పట్టుకుపోయారు. వారిలో కేసులు ఎదుర్కొన్నవారు తరువాత నిర్దోషులుగా బయటపడ్డారు. నష్టపరిహారం కోసం జరిగిన సభల్లో మేమూ మాట్లాడాము. అయితే ఆ బిడ్డల్లో ఒక్కరినైనా "నాయనా, రాత్రి నిద్ర పడుతోందా?" అని మేము అడగలేదు. అది మా తప్పు. భయానికి న్యాయమైన కారణం ఉన్నంత మాత్రాన దేహంలో నిలిచిపోయిన భయానికి వైద్యం అక్కరలేదని కాదు. వైద్యం చేయించుకున్నంత మాత్రాన అన్యాయాన్ని క్షమించినట్టూ కాదు. న్యాయవాదీ కావాలి, వైద్యుడూ కావాలి.

వైద్యం కూడా హక్కే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రయంలో గొలుసులతో కట్టివేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది అగ్నికి ఆహుతయ్యారు. వారిని అక్కడికి తెచ్చింది చాలావరకు కుటుంబాలే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదన్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో చికిత్స ఉచితమన్నది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్నది. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ ఆరోగ్య బీమా వర్తించాలన్నది. సంబంధాలు చూస్తున్న ఆడపిల్ల ఉన్న ఇంటివారు ఆ గోప్యత మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మన ఇళ్లలో చికిత్సకు అడ్డు పడేది ఎక్కువగా ఆ భయమే.

చికిత్స రెండు విధాలు. ఒకటి, భయపు ఆలోచనలను పరీక్షించి, తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెల్లమెల్లగా తిరిగి వెళ్లడం నేర్పే సంభాషణ చికిత్స. రెండవది మందులు. సాధారణంగా ముందు ఇచ్చే మందుల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి పారవేయరాదు. మందుల దుకాణంలో సొంతంగా కొనే ఆల్ప్రజోలాం వంటి బిళ్లలే అలవాటుగా మారే ప్రమాదం. రంజాన్‌లో మందు ఆపేసి అవస్థపడే వారిని చూస్తుంటాము; వేళలను సహ్రీకి, ఇఫ్తార్‌కు మార్చడం కుదురుతుందా అని ముందే వైద్యుణ్ణి అడగండి. దాడి వచ్చినప్పుడు ఇంటివారు "ఏమీ లేదు, లే" అనకుండా పక్కన కూర్చొని, ఊపిరి నెమ్మదిగా వదలమని చెబితే చాలు.

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం వరకు పోవడానికి జంకేవారు 14416కు ఫోను చేయవచ్చు. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న తలపు ఎవరికైనా వస్తే తెల్లవారే దాకా ఆగకండి.

సభ తరువాత పక్క గదిలో ఒక వైద్యురాలు అసర్ వరకు కూర్చుంటారు. స్త్రీలకు ద్వారం వేరుగా ఉన్నది. పేరు రాయనక్కరలేదు.