షుగర్ ఉన్నవారికి వాంతులు మొదలైతే



ఇన్సులిన్ చాలనప్పుడు శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు పుట్టే కీటోన్ల వల్ల రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. ప్రాణాలు తీసే జబ్బు గనుకనే ఈరోజు దీన్ని ఎంచుకున్నాము.

మొదట విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం. తర్వాత వాంతులు, కడుపునొప్పి. ఇక్కడే మనవాళ్ళు అజీర్తి అనుకుని జీలకర్ర నీళ్ళు పట్టించి ఊరుకుంటారు. ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతోందా, నోట మాగిన పండు వాసన వస్తోందా చూడండి. ఆ వాసన అందరూ పసిగట్టలేరు లెండి. మగత కమ్మితే మాత్రం క్షణం ఆగకుండా ఆసుపత్రికే.

"ఏమీ తినలేదు కదా, సూది ఎందుకు?" అంటారు. అదే కొంప ముంచేది. జ్వరంలో ఇన్సులిన్ అవసరం తరచు పెరుగుతుంది. పూర్తిగా మానకండి, ఎంత వేయాలో డాక్టరును అడగండి. రంజాన్‌లోనూ అంతే. రోజాకు ముందే డోసు మాట్లాడుకోవాలి, చక్కెర 300 దాటితే రోజా విరమించాలన్నది నిపుణుల సలహా. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి చక్కెర అంతగా పెరగకుండానే ఇది రావచ్చు.

పిల్లల్లో షుగర్ ఉన్నట్టు తెలియకముందే ఇది బయటపడవచ్చు. పక్క తడపడం మానిన బిడ్డ మళ్ళీ తడుపుతూ, నీళ్ళు తెగ తాగుతూ చిక్కిపోతుంటే, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.