కొత్త యంత్రములో లేనిదానిని కొనువారు ఒప్పుకొందురా?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు నిర్ణయించిన విషయము మీకు కొంచెము వింతగా తోచవచ్చును. కొత్తగా అంగడికి వచ్చిన కంప్యూటరులోనో, ఫోనులోనో ఉండవలసిన సదుపాయము ఒకటి లేకపోయినచో కొనువారు సరిపెట్టుకొందురా, లేక తిరస్కరింతురా అనునది ప్రశ్న. ఇది వ్యాపారులు తేల్చుకొనవలసిన ప్రశ్నవలె కనబడును. కాని ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతములలో ఇంట తెలుగు మాటలాడుచు, వీధిలో తమిళముతో బ్రదుకుచు, ఉద్యోగమునకై బెంగళూరు దారి పట్టు కుటుంబములకు ఇది ఇంటి ప్రశ్న. ఏలననగా, మనము కొన్న యంత్రములలో చిరకాలము లేకుండిన సదుపాయము మన లిపియే. దానికై మనలో అంగడివానితో పోట్లాడినవారు ఎందరు?

మొదట లోకము సంగతి చూతము. 1998వ సంవత్సరమున ఆపిల్ కంపెనీవారు ఐమ్యాక్ అను కంప్యూటరును విడుదల చేసిరి. ఆనాడు కంప్యూటరు అనగా ఫ్లాపీ బిళ్ళను దూర్చు సందు ఉండితీరవలెను. వ్రాసినది దాచుకొనుటకును, మరియొకచోటికి కొనిపోవుటకును ఆ పలుచని బిళ్ళయే దిక్కు. ఐమ్యాకులో ఆ సందు లేదు. ఆక్షేపించినవారు చాలమంది. అయినను అది బాగుగా అమ్ముడుపోయినది. కావలసినవారు వేరుగా ఒక ఫ్లాపీ పెట్టెను కొని తీగతో తగిలించుకొనిరి. 2007లో అదే కంపెనీ ఐఫోన్ తెచ్చినప్పుడు లోటులు ఇంకను ఎక్కువ. ఒకచోట వ్రాసినదానిని ఎత్తి వేరొకచోట అతికించు సదుపాయము 2009 జూన్ వరకు రాలేదు. వీడియో తీయుటకు వీలులేదు. బొమ్మను సందేశముగా పంపుటకు వీలులేదు. ఇతర ఫోనులలో అప్పటికే ఉన్న 3జి వేగము లేదు. అయినను జనులు దానికై అంగళ్ళ ముందు బారులు తీరిరి. వ్రేలు తాకినంతనే కదలు తెరను, చేతిలోనే పూర్తి వెబ్‌పుటను చూపు శక్తిని వారు అంతకుముందు ఎరుగరు. లభించినది పెద్దది గనుక లేనిది చిన్నదై కనబడినది.

ఇక దీనికి ఎదురు కథ. 2012 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌వారు విండోస్ 8ను విడుదల చేయుచు తెర మూలనుండు స్టార్ట్ మీటను తీసివేసిరి. 1995 నుండి కోట్లాది జనులు ఆ మూలకే చేయి పోనిచ్చుచు వచ్చిరి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, లెక్కలు వ్రాసికొను దుకాణదారులు ఒక్కసారిగా చీకటిలో గొళ్ళెము వెదకినట్లు వెదకవలసివచ్చినది. అంతట కలకలము బయలుదేరినది. 2013 అక్టోబరులో 8.1తో మీట తిరిగివచ్చినది. 2015 జూలైలో విండోస్ 10తో దాని వెనుకనుండు పట్టికయు వచ్చినది. ఆపిల్‌వారు సైతము 2016లో మాక్‌బుక్ ప్రో నుండి తొలగించిన మెమరీకార్డు సందును, హెచ్‌డిఎంఐ సందును 2021లో తామే మరల అమర్చిరి.

ఈ రెండు తెగల ఉదాహరణములను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా నాకు తోచునది ఇది. కొత్త వస్తువులో పుట్టుకతో లేనిదానిని జనులు సులభముగా క్షమింతురు. చేతికి అలవాటైనదానిని ఊడబెరికినచో సహింపరు. దీనికి అపవాదములు లేకపోలేదు. 2016లో ఐఫోన్ 7 నుండి ఇయర్‌ఫోను తగిలించు రంధ్రమును తీసివేసిరి. గొణుగుడు వినబడినది గాని అమ్మకము ఆగలేదు. ఇతర కంపెనీలును అదే త్రోవ పట్టినవి. 2020లో ఐఫోన్ 12 పెట్టెలో ఛార్జరు సైతము మాయమైనది. పెద్ద కంపెనీ మన అలవాటును మాన్పింపగలదు. చిన్న కంపెనీ అదే పని చేయబోయినచో తన అంగడినే మూసికొనవలసివచ్చును.

ధర తక్కువైనచో ఏ లోటునైనను జనులు ఓర్తురని చాలమంది నమ్మకము. గతిలేనమ్మకు గంజియే పానకమని మనవారు ఊరక అనలేదు. కాని అదియు పూర్తి సత్యము కాదు. 2011 అక్టోబరు 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆకాశ్ అను పలక కంప్యూటరును విడుదల చేసిరి. విద్యార్థులకు అత్యల్పమైన ధరకు అందవలెనని ఉద్దేశము. దానిని మన హైదరాబాదులోనే కూర్చిరి. అయితే దాని తెర మృదువుగా తాకిన పలుకదు, గట్టిగా నొక్కవలెను. లోపలి యంత్రము మందము. బ్యాటరీ త్వరగా ఖాళీయగును. ధర ఎంత తక్కువైనను విద్యార్థులు మెచ్చలేదు. 2012 నవంబరులో తెర మార్చి రెండవ ఆకాశ్ తేవలసివచ్చినది. 2017లో రిలయన్స్ జియోవారు 1,500 రూపాయల ధరావతుతో ఇచ్చిన జియోఫోనులో మొదట వాట్సాప్ లేదు. అది 2018 సెప్టెంబరులో గాని రాలేదు. అయినను లక్షలాది జనులు ఆ ఫోనును పుచ్చుకొనిరి. ఎందువలన? వాట్సాప్ లేకున్నను మాట వినబడినది, సినిమా కనబడినది. ఆకాశ్‌లో లోటు ప్రధానమైన పనిలోనే ఉన్నది. పలక తాకిన పలుకకున్నచో చౌక యేమి, ప్రియమేమి?

ఇప్పుడు మన యింటికి వత్తము. ఇంతవరకు చెప్పిన లోటులన్నియు కొనువారికి తెలిసిన లోటులు. తెలిసి ఒప్పుకొనిరి, లేదా తెలిసి ఎదిరించిరి. మూడవ జాతి లోటు ఒకటి కలదు. దానిని ఎవరును ఒప్పుకొనరు, ఎవరును ఎదిరింపరు. అది లోటని ఎవరికిని తోచదు.

ప్రపంచ లిపుల నన్నిటిని ఒక్క సంఖ్యల పట్టికలో చేర్చిన యూనికోడ్‌లో 1991 నాటికే తెలుగునకు స్థానము కలిగినది. కాని పట్టికలో చోటు దొరుకుట వేరు, తెరపై అక్షరము కనబడుట వేరు. విండోస్ 2000లో దేవనాగరికిని, తమిళమునకును చోటు దొరికినది. తెలుగునకు దొరకలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో తెలుగు అక్షరములు వచ్చినవి. ఆ అక్షరరూపమునకు గౌతమి అని గోదావరి పాయ పేరు పెట్టిరి. పేరు చల్లగానే ఉన్నది గాని ఆ గౌతమి మన పొలమునకు పారవలెనన్న తూము ఎత్తువారు కావలెను. కంప్యూటరు లోపలి అమరికలలో ఒక గడియందు గుర్తు పెట్టి, విండోస్ సీడీని మరల ఉంచినగాని తెలుగు ఒత్తులు సరిగా కూడవు. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, చెన్నై రిచ్చీ వీధిలోనో కంప్యూటరును కూర్చి యిచ్చువాడు ఎవరును అడుగనిదే ఆ గుర్తు ఏల పెట్టును? అడుగనిదే అమ్మయైనను పెట్టదు. ఆండ్రాయిడ్ ఫోనులలోనైతే కన్నడ, తెలుగు, మలయాళ లిపులను చూపు ఏర్పాటు 2012 నాటి 4.1తో వచ్చినది. అంతకుముందు అనేక ఫోనులలో తెలుగు వార్తను తెరచినచో అక్షరముల స్థానమున చదరపు గళ్ళు వరుసగా నిలిచెడివి. ఆ గళ్ళను చూచి ఫోను చెడిపోయినదని అంగడికి తిరిగి తెచ్చినవారిని గూర్చి నేను వినలేదు. తెలుగు ఫోనులో ఉండు వస్తువు కాదని సరిపెట్టుకొనిరి.

2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లనిచ్చు పథకమును ఆరంభించినది. ఆనాటి ప్లస్ టూ విద్యార్థులు కొందరు నేడు తల్లిదండ్రులై ఈ సభలో కూర్చుండియుందురు. అప్పటికి విండోస్‌లో తెలుగు అక్షరములును, తెలుగు మీటల అమరికయు లోపలనే నిద్రించుచున్నవి. సీడీతో పని లేదు, భాషల పట్టికలో తెలుగును చేర్చుకొనిన చాలును. చేర్చుకొనినవారు చేయి ఎత్తవలసినదిగా నేను కోరను. ఎత్తు చేతులు తక్కువని నా అనుమానము.

లోటును గుర్తింపనందున ఏమి నష్టము కలిగినది? యంత్రము ఊరకుండలేదు, ఆ ఖాళీని వేరొక అలవాటు నింపినది. పిల్లలు తెలుగు మాటను ఆంగ్ల అక్షరములతో వ్రాయ నేర్చిరి. కె, ఎ, ఎల్, ఎ అని నాలుగక్షరములు వ్రాసినచో అది కలయా, కళయా, కాలా అని చదువువాడు ఊహించుకొనవలెను. మరికొన్ని ఇండ్లలో తెలుగును తమిళ లిపితో వ్రాయుట కలదు. తమిళ లిపి తమిళమునకు చక్కగా సరిపోవును, దానిపై నాకు ఆక్షేపణ లేదు. కాని క, ఖ, గ, ఘ లకు అందులో ఒకటే అక్షరము. త, థ, ద, ధ లకును ఒకటే. కథ అని వ్రాసినను, గద అని వ్రాసినను ఒకే రూపము వచ్చును. భీముడు కథ పట్టుకొని యుద్ధమునకు పోయెనని చదువుకొనవలసినదే! ఇక తెలుగు మాత్రమే చదువ నేర్చిన అవ్వ ఒకరు ఇంట ఉన్నచో, మనుమడు బెంగళూరునుండి పంపిన సందేశమును ఆమెకు ఇంకొకరు చదివి వినిపింపవలెను. అది తెలుగే, ఆమె కొరకు వ్రాసినదే. అయినను ఆమెకు అందదు.

లోటు తెలిసినచోట దిద్దుబాటు ఎంత త్వరగా జరుగునో చెప్పుటకు ఒక ఉదాహరణము కలదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనులందు ఒక వింత కనబడినది. తెలుగులో జ్ఞా అను అక్షరపు ఒక కూర్పు సందేశములో వచ్చినచో ఆ సందేశమును తెరచు కార్యక్రమము కుప్పకూలెడిది. లోకమంతయు గగ్గోలు పెట్టినది. ఆ నెల 19వ తేదీన ఆపిల్‌వారు దిద్దుబాటు పంపిరి. సంవత్సరముల తరబడి తెలుగు లేకున్నను పుట్టని కలకలము, తెలుగు వలన ఫోను ఆగినప్పుడు కొద్దిదినములలో పుట్టినది! ఆంగ్లము చదువువారికి ఇబ్బంది కలిగినది గదా.

ప్రభుత్వము ఊరకున్నదనుట న్యాయము కాదు. 2016లో మన దేశమున అమ్ము ఫోనులకు ఒక భారతీయ ప్రమాణమును నిర్ణయించిరి. 22 అధికార భాషలలోను వచ్చిన సందేశమును ఫోను చూపవలెను. వ్రాయుటకు మాత్రము ఆంగ్లము, హిందీ, వీనికి తోడు మరియొక భారతీయ భాష ఉన్న చాలును. ఈ రెండవ మాటను మీరు శ్రద్ధగా గమనింపవలెను. ఆ మరియొక భాష తమిళమైనను, కన్నడమైనను ప్రమాణము చెల్లినట్లే. తెలుగును చదువు హక్కు అందు కలదు, వ్రాయు హక్కు కలదో లేదో ఆ ఫోనును చూచి తెలిసికొనవలెను. నేటి తాకుతెర ఫోనులలో తెలుగు వ్రాతయు సాధారణముగా దొరకును గాని, అమరికలలోనికి పోయి మనము తెచ్చుకొనవలెను. చిన్నమీటల ఫోనులలో అనుమానమే.

కనుక అంగడిలో కెమెరా ఎంత, జ్ఞాపకశక్తి ఎంత అని అడుగునప్పుడే ఇందులో తెలుగు చదువుటకు మాత్రమా, వ్రాయుటకు కూడనా అని అడుగుడు. అడిగి ఊరకుండక, స్వాతంత్ర్యము అను మాటను అక్కడనే వ్రాయించి చూడుడు. తకు క్రింద రావత్తు, యవత్తు రెండును కుదురుగా కూడినచో ఫోను మంచిది. విడివిడిగా పడినచో ఆ లోటును తెలిసి కొనుచున్నారు, ధర తగ్గింపుమని అడుగవచ్చును. అంగడివాడు విసుగుకొనునని కొందరందురు. విసుగుకొననిండు. ఇదే ప్రశ్న పదిమంది వేసినచో పదునొకండవ వానికి తానే తెరచి చూపును.

సభ ముగిసిన తరువాత వేదిక ప్రక్కనున్న బల్ల యొద్ద నేనును, పై తరగతి విద్యార్థులు నలుగురును ఉందుము. ఫోను తెచ్చినవారు రావచ్చును. తెలుగు మీటలను అమర్చుటకు ఒక్కొక్కదానికి రెండు నిమిషములు చాలును. చిన్నమీటల ఫోనులు తెచ్చినవారును సంకోచింపక రండు. ఏ రకములో తెలుగు వ్రాయ వచ్చునో, ఏ రకములో రాదో ఒక కాగితముపై వ్రాసికొందుము. ఆ పట్టికను వచ్చే వారమునుండి పాఠశాల కార్యాలయపు గోడపై అంటించుటకు నిర్వాహకులు అంగీకరించియున్నారు.