ప్లాస్టిక్ కెమెరా విప్పుదాం: ఒక రోల్‌కి ఒక్క మార్పే

ప్లాస్టిక్ కెమెరా విప్పి చూపించమని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఇవాళ టేబుల్ మీద ఒక హోల్గా, ఒక పాత 35 ఎంఎం ప్లాస్టిక్ కెమెరా, చిన్న స్క్రూడ్రైవర్, నల్ల ఇన్సులేషన్ టేపు పెట్టుకుని కూర్చున్నాను. సామాను ఇంతే.

ముందు హోల్గా సంగతి చూద్దాం. ఇది 1982లో హాంగ్‌కాంగ్‌లో మొదలైంది. చైనాలో మామూలు కుటుంబాలు కొనుక్కోగలిగే ధరలో ఉండాలని చేశారు. 120 ఫిల్మ్, 60 ఎంఎం ప్లాస్టిక్ లెన్స్, సెకనులో సుమారు వందో వంతు పనిచేసే ఒకే ఒక్క షట్టర్. బొమ్మ కెమెరా అని తీసిపారేయకండి. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో డేవిడ్ బర్నెట్ అనే ఫోటో జర్నలిస్టు అల్ గోర్‌ని దీంతోనే తీశారు. ఆ ఫోటోకి బహుమతి కూడా వచ్చింది.

ఇప్పుడు లెన్స్ పైన ఉన్న ఈ మీట చూడండి. ఒకవైపు ఎండ బొమ్మ, ఒకవైపు మబ్బు బొమ్మ. ఎండలో అటు, మబ్బుగా ఉంటే ఇటు జరపాలి అన్నమాట. కానీ పాత హోల్గాల్లో ఈ మీట ఎటు జరిపినా తేడా ఏమీ ఉండదు! ఎందుకంటే, మీటతో పాటు కదిలే రంధ్రం పెద్దది, దాని వెనక కదలకుండా ఉన్న రంధ్రం చిన్నది. వెలుగుని ఆపేది ఎప్పుడూ ఆ చిన్నదే. ఎటు పెట్టినా దాదాపు ఎఫ్ 13 దగ్గరే ఉంటుంది. జనం ఏళ్ల తరబడి ఆ మీటని అటూ ఇటూ జరుపుకుంటూ ఫోటోలు తీశారు. నేనూ తీశాను.

దీన్ని సరిచేయడం కష్టం కాదు. వెనక ఉన్న చిన్న రంధ్రాన్ని కాస్త పెద్దది చేయాలి. అప్పుడు మబ్బు వైపు పెడితే నిజంగానే ఎక్కువ వెలుగు వస్తుంది. ఎండ వైపు కదిలే రంధ్రానికి నల్ల కాగితంతో చిన్న బిళ్ల కత్తిరించి, మధ్యలో చిల్లు పెట్టి అంటించాలి. అంతే, మీటకి పని దొరికింది.

రెండోది వెలుగు లీకులు. పక్కన ఉన్న ఈ ఇనుప క్లిప్పులు వదులైపోయి ఊడిపోతుంటాయి. వెనక మూత అంచుల చుట్టూ టేపు వేయండి. నంబరు చూసే ఎర్ర కిటికీ మీద కూడా ఒక ముక్క వేసి, ఫిల్మ్ తిప్పేటప్పుడు మాత్రం ఎత్తండి. లీకులు కావాలనుకునేవాళ్లు ఏదో ఒకచోట టేపు తీసేయొచ్చు. అయితే అది మీరు కావాలని తీసిన చోటు అయ్యుండాలి.

మూడోది, నాకు బాగా ఇష్టమైనది, లెన్స్ తిరగేయడం. దీనికి ఈ 35 ఎంఎం కెమెరా తీసుకుందాం. ఇలాంటి చాలా కెమెరాల్లో ఒకే ఒక్క వంపు లెన్స్ ఉంటుంది. అంచుల్లో బొమ్మ మరీ చెదిరిపోకుండా ఆ వంపు ఎటు ఉండాలో చూసుకుని బిగిస్తారు. ముందున్న మూత ఊడదీసి, లెన్స్‌ని వెనక్కి తిప్పి పెట్టామనుకోండి, మధ్యలో మనిషి కనిపిస్తాడు, చుట్టూ అంతా అలికేసినట్టు అవుతుంది. నచ్చకపోతే మళ్లీ మామూలుగా పెట్టేయొచ్చు.

ఒక్క హెచ్చరిక, దయచేసి వినండి. ఫ్లాష్ ఉన్న కెమెరా విప్పకండి. అందులో కెపాసిటర్ 300 వోల్టుల దాకా చార్జ్ అవుతుంది. బ్యాటరీ తీసేసినా ఆ చార్జ్ లోపల ఉండొచ్చు. వాడిపారేసే కెమెరాలకీ ఇదే వర్తిస్తుంది. ఫ్లాష్ లేనిదే ఎంచుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మొదట్లో నేను ఈ హోల్గాకి ఒకే రాత్రి మూడు మార్పులు చేశాను. రంధ్రం పెద్దది చేశాను, లోపల నల్ల రంగు వేశాను, దగ్గరి వస్తువులు తీద్దామని లెన్స్ ఎక్కువ తిరగకుండా ఆపే అడ్డు తీసేశాను. మర్నాడే ఊరెళ్లాను. మా పెంకుటిల్లు పడగొట్టడానికి వారం ఉంది. వసారా, దూలాలు, పెరట్లో బావి గట్టు... పన్నెండు ఫ్రేములూ ఇంటికే వాడాను. ఫోన్ జేబులోనే ఉంది, తీయలేదు. ఫిల్మ్ మీదే ఉండాలని పంతం.

రోల్ కడిగించి చూస్తే పన్నెండూ మసకే. గోడేదో తలుపేదో తెలియదు. అప్పటికి ఇల్లు లేదు. అన్నిటికన్నా బాధేంటంటే, మూడు మార్పుల్లో ఏది పాడుచేసిందో కూడా నాకు తెలియలేదు. తర్వాత రెండు రోల్స్ ఖర్చుపెట్టి కనుక్కున్నాను. అడ్డు తీసేయడంతో లెన్స్ ఉండాల్సిన దానికంటే బాగా బయటికి వచ్చేసింది. చేతికందే దూరంలో ఉన్నది మాత్రమే స్పష్టంగా పడుతుంది. నేను ఇంటిని వాకిట్లో నిలబడి తీశాను.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ఒక రోల్‌కి ఒక్క మార్పే. ఏ ఫ్రేము ఎక్కడ, ఏ వెలుగులో తీశానో నోటుబుక్కులో రాసుకుంటాను. లెన్స్ మామూలుగా ఎక్కడ ఆగుతుందో అక్కడ మార్కరుతో గీత పెడతాను. ఇదిగో, ఈ తెల్ల గీత అదే. రంధ్రం పెద్దది చేయడం లాంటి వెనక్కి తీసుకోలేని పనులు చివరికి ఉంచుతాను. మొదటి రోల్ ఎప్పుడూ మా వీధిలోనే, పోయినా ఫరవాలేని వాటి మీదే. 400 కలర్ నెగటివ్ అయితే మంచిది, వెలుగు కాస్త ఎక్కువైనా తట్టుకుంటుంది.

మళ్లీ దొరకని దాన్ని తీయాల్సి వస్తే, ముందు ఫోన్‌తో ఒకటి తీసి పెట్టుకోండి. ప్రయోగం ఆ తర్వాత. దాంట్లో చిన్నతనమేమీ లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే హోల్గాలో 35 ఎంఎం ఫిల్మ్ వేసి, అంచు చిల్లుల మీద కూడా బొమ్మ పడేలా ఎలా తీయాలో చూద్దాం. మీ మొదటి రోల్ ఎలా వచ్చిందో చెప్పండి, పాడైనా సరే. ఉంటాను, నమస్కారం.